గద్దించిన పెద్దాయన, నవ్వించిన కుర్రవాడు

కడప జిల్లా నుంచి ఒక ఉపాధ్యాయిని రాసిన ఆరు పేజీల ఉత్తరం ఈ వారం నా ముందుంది. ఆమె కోరిన మేరకు ఊరి పేరు, బడి పేరు, మనుషుల పేర్లు తీసివేసి, విషయం చెడకుండా కుదించి ఇస్తున్నాను.

ఆమె వయసు 43 ఏళ్లు. ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో తెలుగు బోధిస్తున్నారు. తండ్రిగారు కూడా తెలుగు పండితులే. ఆయనకు శాసనాలంటే ప్రాణం. సెలవులు వస్తే ఒక స్నేహితుణ్ణి స్కూటరు వెనక కూర్చోబెట్టుకొని ఎర్రగుంట్ల, కమలాపురం, జమ్మలమడుగు వైపు పల్లెలన్నీ తిరిగేవారట. గుళ్ల వెనకా చేని గట్ల మీదా పడి ఉన్న రాళ్లపై అక్షరాలను నోటుపుస్తకాల్లోకి దించుకొనేవారట. 2018లో 12 మంది మిత్రులతో ఆయన ఒక వాట్సాప్ గ్రూపు మొదలుపెట్టారు. మూడేళ్ల కిందట ఆయన కాలం చేశాక అడ్మిన్ బాధ్యత కూతురి మీద పడింది. ఇప్పుడు అందులో 180 మందికి పైగా ఉన్నారు.

ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం సందర్భంగా ఆమె ఆ గ్రూపులో, ఎర్రగుంట్ల దగ్గరి కలమళ్ల ఊళ్లో ఉన్న శాసనం గురించి చిన్న వ్యాసం పెట్టారు. ‘క్రీ.శ. 575లో రేనాటి చోళరాజు ధనంజయుడు వేయించిన తొలి తెలుగు శాసనం’ అని అందులో ఒక వాక్యం. ఆ రాత్రే ఒక పెద్దాయన నుంచి జవాబు వచ్చింది. తండ్రిగారి స్కూటరు వెనక కూర్చొని ఊళ్లు తిరిగిన స్నేహితుడు ఆయనే. రెవెన్యూ శాఖలో పనిచేసి రిటైరయ్యారు, డెబ్బై దాటిన మనిషి. ‘శాసనంలో సంవత్సరమే లేదు. 575 అని యాడ చదివినావు? సుమారు అని రాయాల. మీ నాయనుంటే ఇట్లా రాయనిచ్చుండునా? పిల్లోళ్లకు కూడా ఇదే చెప్తాంటే ఇంగ అయిపోయినట్లే.’ అందరి ముందూ ఆ మాట పడేసరికి ఆమెకు కన్నీళ్లు ఆగలేదు.

మరునాడు ఇంకొకరు ప్రవేశించారు. ఆమె దగ్గర ఒకప్పుడు చదువుకొని, ఇప్పుడు బెంగళూరులో ఉద్యోగం చేస్తున్న కుర్రవాడు. ప్రతి మెసేజూ ‘నమస్తే మేడం’తో మొదలై, చేతులు జోడించిన బొమ్మతో ముగుస్తుంది. ‘నేర్చుకుందామనే అడుగుతున్నా మేడం, ఈ ధనంజయుడు నిజంగా ఉన్నాడనడానికి ఆధారం ఉందా?’ అని మొదలుపెట్టాడు. ఆమె ఓపికగా రాశారు. ‘అక్షరాల తీరును బట్టి సుమారుగా చెప్తారని ఇప్పుడంటున్నారు కదా మేడం, అంటే ఎవరికీ తెలీదనే కదా?’ అన్నాడు. దానికీ రాశారు. ‘అయితే మన భాష కన్నా పక్కవాళ్ల భాషే పాతదని ఒప్పుకుంటున్నట్టేనా మేడం?’ అన్నాడు. ఇలా మూడు రోజులు సాగింది. కొందరు నవ్వు స్టిక్కర్లు పెట్టారు, కొందరు అతనితో తగవు పడ్డారు, తమిళం, కన్నడం ముచ్చట్లలో పడి అసలు శాసనాన్ని అందరూ మరిచిపోయారు. నాలుగో రోజు పెద్దాయన మళ్లీ రాశారు: ‘వానికి పాఠం చెప్పేది ఆపి ముందు నీది దిద్దుకోమ్మా.’ రాత్రి 11 గంటలు దాటింది. ఆమె ఆయన్ను గ్రూపు నుంచి తీసేశారు. వెంటనే కుర్రవాడి మెసేజ్ విడిగా వచ్చింది: ‘మంచి పని చేశారు మేడం. ట్రోల్స్‌ని ఇట్లాగే ఏరెయ్యాల.’

ఆ తర్వాత రెండు సంగతులు జరిగాయి. ఆ కుర్రవాడు ఆమె ఓపికగా ఇచ్చిన జవాబులన్నిటినీ స్క్రీన్‌షాట్లు తీసి, వేరే గ్రూపులో పెట్టి నవ్వులాట చేస్తున్నాడని తోటి ఉపాధ్యాయురాలు చూపిస్తే ఆమె చూశారు. రెండోది, తండ్రిగారి పాత నోటుపుస్తకం తెరిచారు. కలమళ్ల పేజీలో తండ్రి సిరాతో రాసుకున్న పాఠం పక్కన, మూడు చోట్ల పెన్సిలుతో ‘కాదు’ అని వేరే దస్తూరీ. అందులో ఒక ‘కాదు’ కింద తండ్రిగారి దస్తూరీలో ‘సరే’ అని ఉంది, మిగతా రెండింటి కింద ఏమీ లేదు. పెద్దాయన ఇప్పుడు ఉదయం నడకలో ఎదురుపడినా తల తిప్పుకొని పోతున్నారు. ‘ఆయన చేసింది ట్రోలింగా? కాకపోతే నేనేం చేసినట్టు? ఈ రెంటినీ గుర్తుపట్టేదెలా? ఇది నా వల్ల కాదేమో, గ్రూపును వేరేవాళ్లకు అప్పగించనా?’ ఇవీ ఆమె అడిగిన ముఖ్యమైన ప్రశ్నలు.

అమ్మా, మీ ఉత్తరంలో నన్ను ఎక్కువసేపు ఆపింది ఆ నోటుపుస్తకం పేజీ. మీరు దాన్ని చివర్లో, ఏదో గుర్తొచ్చినట్టుగా రాశారు. మీ ప్రశ్నకు సగం జవాబు ఆ పేజీలోనే ఉందని నాకు అనిపిస్తోంది. దాని దగ్గరికి మళ్లీ వస్తాను.

ముందు శాసనం సంగతి తేల్చుకుందాం. అది తేలకుండా మనుషుల సంగతి తేలదు. కలమళ్ల శాసనం విరిగిన రాతిస్తంభం మీద ఉంది. అందులో ‘ఎరికల్ ముతురాజు’ బిరుదుతో ధనంజయుడి పేరుంది, అతడు రేనాటిని ఏలుతున్నాడన్న మాట ఉంది. శకవర్షం గానీ, మరో విధమైన కాలసూచన గానీ లేదు. అక్షరాల ఆకృతిని బట్టి శాసన పరిశోధకులు దాన్ని ఆరో శతాబ్దపు చివరి పాతికేళ్లకు చెందినదిగా నిర్ణయించారు. మనం వాడే 575 ఆ నిర్ణయం నుంచి వచ్చిన అంచనా. కాబట్టి ‘575లో’ అనడానికీ ‘సుమారు 575లో’ అనడానికీ తేడా ఉంది, ఆ తేడాను పట్టుకున్న పెద్దాయన మాట సరైనది. మీరు రాసిన తక్కిన విషయంలో తప్పేమీ లేదు. ‘తొలి’ అన్న మాటకు మాత్రం ‘ఇప్పటివరకు దొరికినవాటిలో’ అన్న రెండు మాటలు చేర్చితే ఇంకా భద్రంగా ఉంటుంది.

ఇక ఆయన ఆ మాట చెప్పిన తీరు వేరే సంగతి. ‘మీ నాయనుంటే’ అనడం అవసరం లేదు, న్యాయమూ కాదు. పోయిన తండ్రిని నడుమకు తెచ్చి కూతురిని నలుగురిలో చిన్నబుచ్చడం పెద్దరికానికి తగిన పని కాదు. మీకు కలిగిన బాధ నిజమైనది, దానికి ఆయన మీకు ఒక మాట బాకీ ఉన్నారు. కానీ నొప్పించేలా మాట్లాడటమూ ట్రోలింగూ ఒకటి కాదు. ఆ రాత్రి మీరు ఆ రెంటినీ ఒకటిగా పొరబడ్డారు. మెత్తగా మాట్లాడిన మనిషి మంచిగా మాట్లాడుతున్నాడని అనుకున్నది కూడా ఆ పొరపాటులో భాగమే. మనలో చాలామంది అలాగే పొరబడతాం. చిన్నప్పటి నుంచి మనకు మాట తీరునే నేర్పారు, వాదపు తీరును నేర్పినవాళ్లు తక్కువ.

వాదపు తీరును మన పూర్వులు చాలా శ్రద్ధగా విడదీసి చెప్పారు. తర్కశాస్త్ర గ్రంథమైన గౌతముడి న్యాయసూత్రాల్లో చర్చను మూడు విధాలుగా చూపించారు: వాదం, జల్పం, వితండ. నిజమేమిటో తెలుసుకోవాలని ఇద్దరూ తమ తమ పక్షాలను ఆధారాలతో నిలబెట్టుకుంటూ మాట్లాడుకునేది వాదం. గెలవడమే లక్ష్యంగా, మాటల మెలికలు కూడా వాడుతూ చేసేది జల్పం. తనకంటూ ఒక పక్షాన్ని నిలబెట్టకుండా ఎదుటివాడు చెప్పినదాన్ని పడగొట్టడమే పనిగా పెట్టుకున్నది వితండ. ‘వితండవాదం’ అన్న మాటను మనం మొండివాదమన్న అర్థంలో వాడి వాడి అరగదీశాం. దాని అసలు గుర్తు మొండితనం కాదు, సొంత పక్షం లేకపోవడం. ఈ ఒక్క సంగతి మనసులో పెట్టుకొని మీ గ్రూపులోని మెసేజ్‌లను మళ్లీ చదవండి.

పెద్దాయన మెసేజ్‌లో కరకుదనం తీసేస్తే మిగిలేదేమిటి? శాసనంలో సంవత్సరం లేదు అన్న ఒక వాదన ఉంది. మీరైనా, ఎవరైనా శాసనపాఠం చూసి సరిచూడగల వాదన అది. సుమారు అని రాయాలి అన్న ఒక కోరిక ఉంది. అంటే, మీరేం చేస్తే ఆయన ఊరుకుంటారో ఆయనే ముందుగా చెప్పేశారు. మీరు ఆ ఒక్క మాట చేర్చి ఉంటే నాలుగో రోజు మెసేజ్ వచ్చేది కాదని నా నమ్మకం.

కుర్రవాడి మెసేజ్‌లను ఇదే విధంగా వడగట్టి చూడండి. ధనంజయుడు లేడని అతను అన్నాడా? అనలేదు. శాసనం ఆ కాలానిది కాదన్నాడా? అదీ అనలేదు. తనకంటూ ఒక్క మాటా చెప్పకుండా మీ చేత మూడు రోజులు చెప్పించాడు. ఒక ప్రశ్నకు మీరు జవాబిస్తే ఆ జవాబును ఒప్పుకోలేదు, కాదనీ అనలేదు, దాన్ని అక్కడే వదిలేసి ఇంకో ప్రశ్నకు జరిగాడు. ఆరు పేజీల్లో ‘సరే మేడం, ఇది అర్థమైంది’ అన్న మాట ఒక్కసారైనా ఉందేమోనని వెతికాను, కనిపించలేదు. పైగా ‘సుమారు’ అన్న మాటను ‘తెలీదు’గా మార్చడం, భాష ఎంత పాతదన్న సంగతి మీరు ఎత్తకపోయినా ‘ఒప్పుకుంటున్నట్టేనా’ అనడం చూడండి. దీన్ని నైయాయికులు, అంటే న్యాయశాస్త్ర పండితులు, ఛలం అన్నారు. చెప్పినవాడు ఉద్దేశించని అర్థాన్ని మాటకు అంటగట్టి, ఆ అర్థాన్ని ఖండించడం. న్యాయసూత్రాలకు వాత్స్యాయనుడు రాసిన భాష్యంలో దీనికొక ఉదాహరణ ఉంది. కొత్త కంబళి కప్పుకొన్న పిల్లవాణ్ణి చూసి ఒకడు ‘నవకంబళుడు’ అంటాడు. ‘నవ’ అంటే తొమ్మిది అని కూడా అర్థం కనుక, రెండోవాడు ‘వీడికి తొమ్మిది కంబళ్లెక్కడివి, ఉన్నది ఒకటే కదా’ అని ఎదురు తిరుగుతాడు. మీ ‘సుమారు’కు జరిగింది కూడా ఇదే.

ట్రోలింగ్ అన్న మాట పుట్టుక కూడా ఇక్కడ పనికొస్తుంది. కదిలే పడవ వెనక ఎరకట్టిన గాలాన్ని నీళ్లలో లాక్కుంటూ పోయి చేపలు పట్టే పద్ధతికి ఇంగ్లిషులో ఆ పేరుంది. 1990ల తొలినాళ్లలో ఇంటర్నెట్ చర్చా బృందాల్లో కొత్తవాళ్లు తగులుకుంటారేమోనని తెలిసితెలిసి ఒక తప్పుడు ప్రశ్న వదలడాన్ని ఈ పేరుతో పిలిచారు. రాక్షసుడని అర్థమొచ్చే ఇంకో ‘ట్రోల్’ తర్వాత దానికి తోడైంది. తిట్టు, అరుపు ఈ పనికి అవసరం లేదు. గాలానికి మర్యాదే మంచి ఎర అవుతుంది. మీరు ఉపాధ్యాయిని కనుక ‘నేర్చుకుందామని’ అన్న మాటకు తప్పకుండా ఆగి జవాబిస్తారు. అతను మీ దగ్గర చదువుకున్నవాడు కనుక ఆ సంగతి అతనికి తెలుసు. ఇది రాస్తున్నప్పుడు నాకు బాధగానే ఉంది.

అయినా ఒక జాగ్రత్త చెప్పాలి. సొంత పక్షం లేకుండా ప్రశ్నించే ప్రతివాడూ వితండవాది కాడు. పదో తరగతి పిల్లవాడు అడిగే ప్రశ్నకు వెనక ఏ పక్షమూ ఉండదు. తేడా ఏమిటంటే, పిల్లవాడు మీరిచ్చిన జవాబు మీద నిలబడి తర్వాతి ప్రశ్న అడుగుతాడు. కొరుకుడు పడనివాడు, వంద అనుమానాలున్నవాడు, ఒప్పుకోవడానికి నెల తీసుకునేవాడు కూడా నిజాయితీపరుడే కావచ్చు. పెద్దలు చెప్పినదాన్ని ఎగతాళి చేసే కుర్రకారంతా ట్రోల్స్ కూడా కారు, నవ్వులో కూడా నిజమైన విమర్శ ఉండవచ్చు. కాబట్టి ఒక్క మెసేజ్‌ను చూసి తీర్పు చెప్పకూడదు. జవాబు అందిన తర్వాత ఆ మనిషి దానితో ఏం చేశాడన్నది రెండు మూడు సార్లు చూడాలి. ఎవరితో మాట్లాడుతున్నట్టు కనిపిస్తూ ఎవరి వైపు చూస్తున్నాడన్నది కూడా చూడాలి. మీ విషయంలో ఈ రెండోదానికి స్క్రీన్‌షాట్లే సాక్ష్యం. ప్రశ్నలు మిమ్మల్ని అడిగాడు గానీ, అతను మాట్లాడింది ఆ రెండో గ్రూపువాళ్లతో.

అతని చివరి మెసేజ్ దగ్గర ఒక్క క్షణం ఆగాలి. ‘ట్రోల్స్‌ని ఏరెయ్యాల’ అన్నాడు. ఈ ముద్ర ఎంత సులువుగా తిరగబడుతుందో చూశారా? నచ్చని మాట చెప్పినవాడి మీద ఆ ముద్ర వేస్తే ఇక అతని మాటకు జవాబివ్వాల్సిన పని ఉండదు. గాలం వేసేవాడు గ్రూపుకు చేసే చెరుపు కంటే, ఈ ముద్రను చూసి భయపడి నిజాయితీగా కాదనేవాళ్లు నోరు మూసుకోవడం వల్ల జరిగే చెరుపే పెద్దదని నేను గట్టిగా నమ్ముతాను. మీ 180 మందిలో ఆ రోజు నుంచి ఎంతమంది ‘మనకెందుకులే’ అని తప్పు కనబడ్డా దిద్దకుండా ఊరుకుంటున్నారో మీకూ తెలియదు, నాకూ తెలియదు.

అలాగని ఆ కుర్రవాణ్ణి దుర్మార్గుడని తేల్చేయను. మీ ఉత్తరం తప్ప అతని మాట నేను వినలేదు. స్టాన్‌ఫర్డ్, కార్నెల్ విశ్వవిద్యాలయాల పరిశోధకులు 2017లో వెలువరించిన ఒక అధ్యయనంలో తేలింది ఏమిటంటే, ట్రోలింగ్ చేసేవాళ్లు ప్రత్యేకమైన మనుషులేమీ కారు. మనసు బాగాలేని సమయాన, అప్పటికే ఇతరులు వెక్కిరింపులు మొదలుపెట్టిన చోట, మామూలు మనుషులు కూడా అదే దారి పడతారు. పెద్దాయన మొదటి రోజు వాదంలో ఉండి నాలుగో రోజుకు జల్పంలోకి జారారు. మీరు రాత్రి 11 గంటలకు, మూడు రోజుల అలసటతో, ఆ మీట నొక్కారు. మొదటి నవ్వు స్టిక్కరు పెట్టినవాళ్లకూ ఇందులో పాలుంది. దీన్ని ఒక మనిషి గుణంగా కాక ఒక సందర్భంగా చూస్తే, మళ్లీ ఆ సందర్భం రాకుండా చేసుకునే వీలు కనిపిస్తుంది.

ఇప్పుడు మీ ముందున్న దారులు. పెద్దాయన విషయంలో అన్నిటికన్నా సులువైనది, ఏమీ చెప్పకుండా ఆయన్ను మళ్లీ గ్రూపులో చేర్చేయడం. అలా చేస్తే ఆయన చేరవచ్చు, చేరిన నిమిషంలోనే వెళ్లిపోనూవచ్చు. ఏది జరిగినా మీ ఇద్దరి నడుమ ఉన్న మాట చెప్పుకోకుండానే మిగిలిపోతుంది. ఫోన్ చేయడం దానికన్నా మేలు, కానీ ఆ వయసు మనిషికి, అందులోనూ పట్టింపు మనిషికి, ఫోనులో మెత్తబడటం కష్టం. ఇంటికి వెళ్లడం మూడోది. దాని ఖరీదు మీ అభిమానం. ఆయన గుమ్మంలోనే నిలబెట్టి ఇంకో రెండు మాటలు అనే ప్రమాదమూ ఉంది. ఎంచుకోవలసింది మీరే, అయినా నా మొగ్గు ఎటో చెబుతాను: ముందు గ్రూపులో మీ వ్యాసంలోని ఆ వాక్యాన్ని దిద్ది, దిద్దించింది ఆయనేనని పేరు పెట్టి రాసి, ఆ తర్వాత ఇంటికి వెళ్లండి. ఈ వరుస ముఖ్యం. వాక్యం దిద్దకుండా క్షమాపణ చెబితే, ఆయన మాట కన్నా ఆయన అలకకే విలువిచ్చినట్టవుతుంది. ‘మా నాయన పేరెత్తి అందరిలో అన్నారు, నాకు చాలా కష్టమైంది’ అని మీరు కూడా చెప్పండి. అది దాచుకొని వస్తే ఈసారి కాకపోతే ఇంకోసారి అదే మంట లేస్తుంది.

కుర్రవాడి విషయంలో ఇంకా చిక్కుంది. మౌనంగా ఊరుకోవడం ఒక దారి. గాలం వేసేవాడికి చేప తగలకపోతే విసుగు పుడుతుందన్నది నిజమే. కానీ ఊరుకున్నంత కాలం మిగతావాళ్లు తగులుకుంటూనే ఉంటారు, మీ మౌనాన్ని ఒప్పుకోలుగా చూపించే వీలూ ఉంది. రెండోది, అందరి ముందే అతన్ని ఒక్క ప్రశ్న అడగడం: ‘ఈ శాసనం కాలం గురించి నీ అభిప్రాయమేమిటి, దేన్ని బట్టి?’ నిజంగా జిజ్ఞాస ఉంటే అతను ఏదో ఒకటి చెబుతాడు, అప్పుడు నిజమైన చర్చ మొదలవుతుంది. మళ్లీ ఇంకో ప్రశ్న వేస్తే ‘నీ మాట చెప్పాక నా మాట చెబుతాను’ అని మీరు అక్కడే ఆగవచ్చు. చూసేవాళ్లకు కూడా సంగతి అర్థమవుతుంది. ఇందులో ప్రమాదం ఏమిటంటే, మీ గొంతులో కోపం కనిపిస్తే దాన్ని కూడా ఫొటో తీస్తాడు. మూడోది, విడిగా ఫోన్ చేసి స్క్రీన్‌షాట్లు చూశానని సూటిగా చెప్పడం. అతను మీ విద్యార్థి. పాతికేళ్ల వయసులో తోటివాళ్ల ముందు తెలివైనవాడిగా కనబడాలన్న ఆశకు, తన టీచరు ఫోన్ చేసి ‘నాకు బాధ కలిగింది నాయనా’ అనడం ఎదురైతే, సిగ్గుపడి మారినవాళ్లు ఉన్నారు, నేను చూశాను. ఆ ఫోన్‌ను కూడా రికార్డు చేసి నవ్వుకునే రకమైతే, అప్పుడు మీకు సందేహమేమీ మిగలదు. గ్రూపులో ఒక్క వాక్యంలో కారణం చెప్పి తీసేయవచ్చు. కారణం చెప్పకుండా, రాత్రిపూట మాత్రం ఎవరినీ తీసేయకండి.

చట్టం గురించి మీరు ఒక మాట అడిగారు కనుక క్లుప్తంగా చెబుతాను. చికాకు పుట్టించే మెసేజ్‌లను నేరంగా చూసిన ఐటీ చట్టంలోని 66ఎ సెక్షన్‌ను సుప్రీంకోర్టు 2015 మార్చి 24న కొట్టివేసింది. ఎగతాళి బాధ పెడుతుంది గానీ దానంతట అది నేరం కాదు. బెదిరింపు, మీరు వద్దన్నా వదలకుండా వెంటపడటం, అసభ్యమైన మాటలు లేదా మార్చిన ఫొటోలు అయితే సంగతి వేరు. అక్కడ ఇది చర్చా కాదు, ట్రోలింగూ కాదు. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో వాటికి సెక్షన్లున్నాయి. మెసేజ్‌లు తుడిచివేయకుండా దాచుకొని పోలీసు స్టేషన్‌కు గానీ, కేంద్ర ప్రభుత్వ సైబర్ నేరాల పోర్టల్‌కు గానీ వెళ్లాలి. మీ సంగతి అక్కడిదాకా రాలేదు, రాకూడదనే కోరుకుంటాను. సభ్యుడు పెట్టినదానికి అడ్మిన్ జైలుకు పోవాలన్న భయం మీకుందని రాశారు. సభ్యుల మెసేజ్‌లకు అడ్మిన్‌ను అడ్మిన్ అయినంత మాత్రాన బాధ్యుణ్ణి చేయలేమని 2021లో బొంబాయి, 2022లో కేరళ హైకోర్టులు చెప్పాయి.

గ్రూపును అప్పగించాలా వద్దా అన్నది మీ చివరి ప్రశ్న. అలసట వల్లనైతే అప్పగించండి, అందులో తప్పు లేదు. తండ్రి పెట్టిన గ్రూపు కనుక కూతురే మోయాలన్న నియమమేమీ లేదు. కానీ చేతకాలేదన్న సిగ్గుతో అప్పగించవద్దు. చేతకాకపోవడం కాదు, ఈ పనికి కావలసిన కంప మీరు వేసుకోలేదు, అంతే. న్యాయసూత్రాల్లోనే ఇంకో మాట ఉంది, అది మన సీమ రైతుకు చెప్పనక్కరలేని సంగతి. మొలకెత్తే విత్తనాన్ని కాపాడటానికి చుట్టూ ముళ్లకొమ్మలు వేసినట్టు, నిజాన్ని కాపాడుకోవడానికి కొన్నిసార్లు జల్పవితండలు కూడా అవసరమవుతాయట. నేను దాన్ని ఇంకొంచెం ఇవతలికి తెచ్చుకుంటాను: వాదం సాగే చోటుకు కొన్ని కట్టుబాట్లనే కంప కావాలి. కాదనేవాడు ఎందుకు కాదంటున్నాడో కూడా రాయాలి. మనిషి ఇంటివాళ్ల ప్రస్తావన తేకూడదు, ఇది పెద్దాయనకూ వర్తిస్తుంది. రాత్రి తొమ్మిది తర్వాత గ్రూపులో అడ్మిన్లు మాత్రమే మెసేజ్‌లు పంపేలా సెట్టింగు మార్చేస్తే ఆ వేడి తెల్లవారేసరికి చాలావరకు చల్లారుతుంది. ఇంకో అడ్మిన్‌ను తోడు పెట్టుకోండి, ఎవరినైనా తీసేయాలంటే ఇద్దరూ ఒప్పుకోవాలని అనుకోండి. ఈ కంప మరీ దట్టంగా వేస్తే మొలకకు ఎండ కూడా తగలదు. నాలుగైదు నియమాలకు మించితే మనుషులు రాయడం మానేస్తారు.

వీలైతే ఏడాదికి ఒకటి రెండుసార్లు మీ గ్రూపువాళ్లు ముఖాముఖి కలవండి. కడపలో సి.పి. బ్రౌన్ గ్రంథాలయం ఉన్న చోటే ఒకప్పుడు బ్రౌన్ బంగళా ఉండేది. ఆయన కొలువులోని పండితులు ఒకే కావ్యానికి దొరికిన ప్రతులన్నీ ముందేసుకొని, ఏ పాఠం సరైనదో ఒకరినొకరు కాదనుకుంటూ తేల్చేవారు. 1829లో వేమన పద్యాలు అచ్చుకు రావడం వెనక అలాంటి పని ఉంది. ఒకే తాళపత్రం మీద వంగి చూస్తున్న ఇద్దరికి ఒకరినొకరు వెక్కిరించుకోవాలన్న కోరిక తక్కువగా కలుగుతుంది. కలమళ్ల ఎంత దూరం? శాసనం మీదే వంగి చూడండి, కుర్రవాణ్ణి కూడా పిలవండి. వస్తాడో రాడో చూద్దాం.

ఇక ఆ నోటుపుస్తకం. మూడు ‘కాదు’లలో ఒకదానికే మీ నాన్నగారు ‘సరే’ అన్నారు. మిగతా రెండింటికి ఆయన ఒప్పుకోలేదన్నమాట, లేదా ఇంకా ఆలోచిస్తూ ఉండిపోయారన్నమాట. అయినా ఆ పెన్సిలు గీతల్ని చెరపలేదు, ఆ మనిషిని స్కూటరు మీద నుంచి దించలేదు. పెద్దాయన ఇంటికి వెళ్లినప్పుడు ఆ పుస్తకం వెంట తీసుకెళ్లండి. ‘సరే’ లేని ఆ రెండు చోట్ల ఆయన ఎందుకు కాదన్నారో అడగండి.